‘ఫారాలు నింపితే చాలు’ అంటూ పిల్లల్ని దివాలా కేసుల్లోకి పంపకండి

లా చదివే పిల్లల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘దివాలా, కార్పొరేట్ లాయరుకు వాదనతో పనిలేదు, ఫారాలు నింపడమే. ఒక పరీక్ష రాస్తే కంపెనీనే మన చేతిలో పెడతారు. కేసు 330 రోజుల్లో ముగుస్తుంది.’ మూడూ తప్పే. మొదటిదే ఎక్కువ చేటు చేస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాలి.

ఫారాలే పని అయితే లాయరే అక్కర్లేదు. దివాలా కేసులు వినే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ముందు సీఏలు, కంపెనీ సెక్రటరీలు కూడా హాజరు కావచ్చు. సరుకు ఇచ్చి డబ్బు రాని వ్యాపారి దివాలా చట్టం (ఐబీసీ) 9వ సెక్షన్ కింద వేసేది ఫారం 5. దానికంటే ముందు 8వ సెక్షన్ డిమాండ్ నోటీసు వెళ్లాలి, అది అందాక 10 రోజులు ఆగాలి. ఆలోగా కంపెనీ ‘సరుకు నాసిరకమని అప్పుడే మెయిల్ పెట్టాం’ అని పాత మెయిల్ చూపిస్తే చిక్కే. వివాదం నోటీసుకు ముందునుంచీ ఉండి, వట్టి సాకు కాకపోతే పిటిషన్ నిలవదని 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నోటీసు రాయకముందే పర్చేజ్ ఆర్డర్లు, డెలివరీ చలాన్లు, డెబిట్ నోట్లు (సరుకు బాగోలేదని బిల్లులో కోత వేస్తూ కొన్నవాళ్లు పంపేవి), మెయిళ్లు అన్నీ చదవాలి. క్లయింటు దాచిన డెబిట్ నోటును అవతలి లాయరు తప్పకుండా తెస్తాడు.

ఇక ఫారంలోని ‘ఎగవేత తేదీ’ అనే గడి. ఆ తేదీ నుంచి 3 ఏళ్లు దాటితే బాకీకి కాలదోషం పడుతుంది. ఆ 3 ఏళ్లలోపు సంతకమైన బ్యాలెన్స్ షీటులో కంపెనీ బాకీని ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. ఒప్పుకోవడం లేదని ఆడిటరు నోటులో ఎక్కడైనా రాశారేమో కూడా చూడాలి. 2020 మార్చి 25 నుంచి ఏడాదిలోపు జరిగిన ఎగవేత అయితే 10ఏ సెక్షన్ కింద దాని మీద ఎప్పటికీ పిటిషన్ వేయలేరు. కోటి రూపాయలకు తక్కువైనా అంతే. 2020 మార్చి 24కు ముందు ఆ హద్దు లక్షే.

పరీక్ష సంగతి. దివాలా కేసు నడిచేటప్పుడు కంపెనీని చూసుకునేవారే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్. లాయరుగా నేరుగా అది కావాలంటే పరీక్షతో పాటు 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. అయ్యాక కూడా కంపెనీ భవిష్యత్తు తేల్చేది రుణదాతల కమిటీ. పునరుద్ధరణ ప్రణాళికకు 66 శాతం ఓట్లు కావాలి.

330 రోజుల లెక్క పిటిషన్ వేసిన రోజు నుంచి కాదు, ట్రిబ్యునల్ దాన్ని స్వీకరించిన రోజు నుంచి. అదీ తప్పనిసరి కాదని 2019లో ఎస్సార్ స్టీల్ తీర్పు చెప్పింది. ఈ చట్టం కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి ప్రణాళిక విశాఖ కంపెనీ సినర్జీస్ డూరేది. హైదరాబాద్ బెంచ్ 2017 ఆగస్టులో ఆమోదించింది. అయినా, కంపెనీకి సంబంధమున్న సంస్థ తనకు రావాల్సిన అప్పును వేరొకరికి బదిలీ చేయడం సబబేనా అన్న వాదన అప్పీలుకు వెళ్లింది. వాదనతో పనిలేదన్నవాళ్లు ఆ తీర్పు చదవాలి.

నిజంగా కదలని గడువు అప్పీలుదే: 30 రోజులు, కారణం చూపితే ఇంకో 15. 46వ రోజు ఎంత మంచి కేసైనా తీసుకోరు. ఉచిత కాపీ వస్తుందని కూర్చున్నా లెక్క ఆగదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ తయారయ్యే రోజుల మినహాయింపు దరఖాస్తు పెట్టినవాళ్లకే. కాబట్టి ట్రిబ్యునల్ ఉత్తర్వు చదివి వినిపించిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి.