సెలవు లేని ఉద్యోగమండీ ఇది

పెరట్లో రెండు ఆవులు, పది కోళ్లు, నాలుగు పాదులుంటే ఖర్చు లేకుండా హాయిగా బతకొచ్చని మీ వ్యాసంలో రాశారు, బాగానే ఉంది గానీ చుట్టాల పెళ్లికి వెళ్లాలన్నా సాయంత్రం పాలు పితికేదెవరన్న టెన్షన్ గురించి ఒక్క ముక్కా రాయలేదేం? మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అత్తగారు తెల్లారకముందే దొడ్డి ఊడ్చి, తవుడు కలిపిన కుడితి పెట్టి, ముందు దూడని వదిలి, ఆవు చేపి పొదుగులోకి పాలు దిగాకే గిన్నె పట్టుకుంటారు, అంతదాకా ఇంట్లో ఎవరికీ టీ లేదు. వంకాయ, ఆనపకాయ కొనక్కర్లేదు, అది నిజమే. కోళ్లకి మాత్రం కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే కోళ్ల జబ్బు) టీకా మానకండి. పెట్ట 21 రోజులు పొదిగి దింపిన పిల్లలకి మొదటి వారంలోనే కంట్లో లసోటా అనే ఆ టీకా చుక్క పడాలి, తెగులు తగిలాక మందు లేదు. గద్దల సంగతి సరేసరి!