సీట్లో మనిషి లేడట!

రైడింగ్ మోవర్, అదే కూర్చుని నడిపే గడ్డి కోసే బండి, దాని మాన్యువల్ చివర్లో ట్రబుల్ షూటింగ్ అని ఒక టేబుల్ ఉంటుంది చూశారా, ఎడమ పక్క రోగం, మధ్యలో కారణం, కుడి పక్క మందు. ఆ టేబుల్ చదివి ఇంజిన్ బాగుచేసుకున్న వాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, దండేసి సన్మానం చేద్దాం. ఎవరూ లేరు కదా, తెలుసు.

ఇంజిన్ స్టార్ట్ అవ్వట్లేదు, కారణం: ట్యాంకులో పెట్రోల్ లేదు, మందు: పెట్రోల్ పోయండి. ఆహా. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, కారణం: సీట్లో మనిషి లేడు, మందు: సీట్లో కూర్చోండి.

కూర్చునే ఉన్నాను మహాప్రభో! సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది, బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేస్తే ఇంజిన్ ఆపేస్తుంది, కాళ్ళు తెగకుండా. మంచిదే, దాన్ని ఎవడూ పీకకూడదు కూడా. కానీ ఆ స్విచ్ కనెక్టర్‌కి పచ్చగా చిలుం పట్టిందంటే ఇక మన ఉనికినే నమ్మదు. అమెరికాలో, ఒహాయోలో మా పెరడంతా గ్రౌండ్‌హాగ్‌లు అనే బొరియల జంతువులు తవ్విన గుంటలే, ఒక్క కుదుపుకి ఇంజిన్ టప్పున ఆగుద్ది. పక్కింటాయన ఆజానుబాహుడు, ఆయన మోవర్‌కి ఏనాడూ ఈ అనుమానం రాలేదు. మా ఆవిడేమో ఇంటి వెనక డెక్ మీంచి "ఏవండీ, కాస్త గట్టిగా కూర్చోండి" అని సలహా. బావగారు ఫోన్లో "ఒళ్ళో బియ్యం బస్తా పెట్టుకోవోయ్" అన్నారు. పెట్టుకున్నా, ఇరవై పౌండ్ల సోనా మసూరి. వీధిలో కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు ఆగి మరీ చెయ్యి ఊపుతున్నారు, నేనూ బస్తా పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఊపుతున్నా, ఇంజిన్ మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. అంటే నేనొక్కణ్ణే అయితే మనిషిని కాదు, బియ్యంతో కలిపితే మనిషిని.

సరే అది నవ్వుకుని వదిలేద్దాం, అసలు కడుపుమంట ఇంకోటి. చోక్, అదే ఇంజిన్‌కి గాలి తగ్గించే మీట, వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తియ్యగానే చచ్చిపోతుంది. దీనికి టేబుల్‌లో ఏముందంటే: ఆథరైజ్డ్ డీలర్‌ని కలవండి. ఎందుకు కలవాలి? ఇక్కడ బంకుల్లో పోసే పెట్రోల్‌లో మామూలుగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమ లాక్కుంటుంది, నవంబర్‌లో గరాజ్‌లో పెట్టి ఏప్రిల్‌లో తీసేసరికి పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ బౌల్ అడుగున జిగురు కట్టి, పెట్రోల్ వచ్చే సూది బెజ్జమంత రంధ్రం, అదే జెట్, మూసుకుపోతుంది. అంతే! బౌల్ విప్పి క్లీనర్ కొట్టి సన్నటి తీగతో జెట్ శుభ్రం చేసుకుంటే అయిపోయేదానికి, ఈ నాలుగు ముక్కలు మాన్యువల్‌లో రాస్తే మీ సొమ్మేం పోయిందిరా? మా ఊళ్ళో చెట్టు కింద మెకానిక్ నోటితో ఊది చేసేవాడు ఈ పని! ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతే ట్యాంక్ మూతలో గాలి ఆడే రంధ్రం (వెంట్) మూసుకుపోయిందేమో, మూత వదులు చేసి చూడమని కూడా రాయరు. బొమ్మలేసి మరీ పెట్రోల్ పొయ్యడం మాత్రం నేర్పుతారు. మనకి ఏమీ తెలియకూడదు, అదీ అసలు ప్లాను.

మే నెలలో డీలర్ దగ్గరికెళ్తే వారాల తరబడి క్యూ, విప్పి చూడ్డానికే ఫీజు, ఈలోగా గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి హెచ్‌వోఏ, అదే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, వాళ్ళ నోటీసు. చివరికి జెట్ కడగలేదు, మొత్తం కార్బ్యురేటరే మార్చి బిల్లు చేతిలో పెట్టాడు. పక్కనే పెట్రోల్ చెడిపోకుండా కలిపే ఫ్యూయల్ స్టెబిలైజర్ సీసా ఒకటి, "చలికాలం ముందు ఇది కలిపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు సర్" అని పెద్ద చిరునవ్వు. సీసా కూడా బిల్లులో వేశాడండోయ్.