మాండలిన్‌కు గురువు అక్కర్లేదా? నాలుగు గంటలు వాయిస్తే చాలా?

గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "మన పాలకొల్లు శ్రీనివాస్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రోజుకు నాలుగు గంటలు, వేళ్లు చిట్లేదాకా వాయించండి. ఒక ట్యాబ్ పుస్తకం, నాలుగు వీడియోలు ఉంటే చాలు. నెల తిరిగేసరికి పాటలు వచ్చేస్తాయి" అన్నది దాని సారం. (ట్యాబ్ అంటే తీగలకు గీతలు గీసి, వాటి మీద అంకెలతో పాట రాసే పద్ధతి.) ఇది నమ్మి మొదలుపెట్టినవాళ్ల మాండలిన్ నెల తిరక్కుండానే అటకెక్కుతుంది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు కాబట్టి వరసగా చూద్దాం.

"శ్రీనివాస్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు"

ఇది శుద్ధ తప్పు. మాండలిన్ విద్వాంసులు ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌నే ఆరేళ్ల వయసులో చేతికి తీసుకున్నారు. తరవాత రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర శిష్యరికం. సుబ్బరాజు గారు కర్ణాటక గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్ వెనక ఇంత శిక్షణ ఉంది. మీ ఊళ్లో మాండలిన్ మాస్టారు లేకపోయినా గాత్రం చెప్పేవారో, వయొలిన్ చెప్పేవారో ఉంటారు. వారానికి ఒక్కసారి వాళ్ల ముందు వాయించినా స్వరం, తాళం ఎక్కడ తప్పుతున్నాయో తెలుస్తుంది.

"రోజుకు నాలుగు గంటలు"

కొత్తవాళ్లకు మొదటి రెండు నెలలు రోజుకు అరగంట చాలు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంటగా విడదీస్తే ఇంకా మంచిది. అలసిన చెయ్యి తప్పుగా మీటడం మొదలుపెడుతుంది. మిగిలిన మూడు గంటలూ ఆ తప్పునే అలవాటు చేస్తాయి.

పొద్దుటి పావుగంట ఇలా గడవాలి. మొదటి 3 నిమిషాలు ఫోన్‌లో ట్యూనర్ యాప్ చూస్తూ శ్రుతి. ఎనిమిది తీగలు నాలుగు జంటలు: లావు వైపు నుంచి జి, డి, ఏ, ఇ. పౌనఃపున్యాలు 196, 293.7, 440, 659.3 హెర్ట్జ్. జంటలో ఒక తీగను వేలితో ఆపి రెండోదాన్ని శ్రుతి చేసి, తరవాత మొదటిదాన్ని దానితో కలపాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగించండి. ఇ తీగ తెగిందంటే చాలాసార్లు కారణం యాప్ చూపిస్తున్న స్థాయిని గమనించకుండా బిగిస్తూ పోవడమే. జి తీగను 7వ మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కితే, ఏమీ నొక్కకుండా ఖాళీగా మీటిన డి తీగ పలికిన స్వరమే రావాలి. మిగతా జంటలకూ ఇదే పరీక్ష.

తరవాత 4 నిమిషాలు ఎడమచేతికి పని లేకుండా ఖాళీ తీగల మీద మీటు. తీగను మీటే పిక్ కనీసం 1 మిల్లీమీటరు మందం ఉండాలి. పల్చటిది వంగిపోయి జంటలో ఒక తీగనే తాకుతుంది.

మిగతా 8 నిమిషాలు సరళీ వరసలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి స్వర పాఠాలు. వాటిని నేర్పే రాగం మాయామాళవగౌళ ఈ వాయిద్యానికి ఎంత అనువుగా కుదురుతుందో చూడండి. జి తీగ ఖాళీగా మీటితే స, 1వ మెట్టు రి, 4వది గ, 5వది మ. డి తీగ ఖాళీగా మీటితే ప, మళ్లీ అవే 1, 4, 5 మెట్లలో ద, ని, పై స. రెండు తీగల మీదా ఒకటే వేళ్లు: చూపుడు, మధ్య, ఉంగరం. వేలు మెట్టుకు సరిగ్గా వెనక ఆనాలి, దూరమైతే తీగ గరగరమంటుంది. శ్రుతి పెట్టెను ఐదు శ్రుతికి, అంటే జి స్వరానికి పెట్టుకోండి. మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదటి కాలంలో (వేగంలో) దెబ్బకో స్వరం, అన్నీ కిందికే మీటు. రెండో కాలంలో దెబ్బకు రెండు, ఒకటి కిందికి, ఒకటి పైకి. తీగ మారేచోట చాలామంది వరసగా రెండుసార్లు కిందికే మీటేస్తారు, వేగం పెంచగానే చెయ్యి బిగుసుకుపోయేది అక్కడే. వరసగా మూడుసార్లు తప్పు రాకపోతే మెట్రోనోమ్‌ను 4 అంకెలు పెంచండి, తప్పు వస్తే 8 తగ్గించండి.

సాయంత్రం పావుగంటలో శ్రుతి చూసుకున్నాక ఒక్క కొత్త వరస, ఒక్క పాత వరస. అంతకు మించి వద్దు.

"వేళ్లు చిట్లేదాకా"

వేలికొసలు మొదటి రెండు మూడు వారాలు మండటం మామూలే. రక్తం వస్తోందన్నా, మణికట్టు లాగుతోందన్నా తప్పు మీది కాకపోవచ్చు, వాయిద్యాన్ని చూడాలి. 12వ మెట్టు మీద తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు దాటితే ఏ వేలికైనా నొప్పే. చవక మాండలిన్లు చాలావరకు ఇలాగే వస్తాయి. బ్రిడ్జికి (తీగలను మోసే చెక్క ముక్కకు) చిన్న మరలుంటే తీగలు వదులు చేసి వాటిని తిప్పి దించుకోవచ్చు. ఆ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు, ఒకటి మార్చాకే మరొకటి. దించాక 12వ మెట్టు స్వరం ఖాళీ తీగకు సరిగ్గా పై స్థాయి అవునో కాదో చూడండి. స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జిని కాస్త వెనక్కి (మెడకు దూరంగా), తక్కువైతే ముందుకు జరపాలి.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో పెట్టండి. కాలవ గట్టు వైపు కిటికీ దగ్గర గోడకు వేలాడదీయొద్దు.

"ఒక ట్యాబ్ పుస్తకం, నాలుగు వీడియోలు"

ట్యాబ్‌లో నాలుగు గీతల మీద అంకెలుంటాయి. అడుగు గీత జి తీగ, అంకె మెట్టు, సున్నా అంటే ఖాళీ తీగ. ఏ మెట్టో చెబుతుంది, ఎంతసేపో చాలా ట్యాబులు చెప్పవు. పాట ముందే చెవిలో లేనివారికి అది ఉత్త అంకెల వరస. స్వర పుస్తకంలో తాళం ఉంటుంది గానీ గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) ఉండదు. అందుకే ఏదో ఒక్క స్వర పుస్తకమే పెట్టుకుని, అందులో పాఠాన్ని ముందు నోటితో తాళం వేస్తూ పాడి, తరవాత వాయించాలి.

వీడియోలతో వచ్చే పెద్ద పొరపాటు వేళ్లను చూసి అనుకరించడం. కర్ణాటక సంగీతం వాయించే చాలామంది జి, డి, ఏ, ఇ వాడరు. శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. ఆయన వేలు ఉన్న మెట్టులోనే మీ వేలు పెడితే వేరే స్వరం పలకొచ్చు. ముందు వీడియోలో ఖాళీ తీగల స్వరాలేమిటో విని తేల్చుకోండి. వేగం సగానికి తగ్గించి, నాలుగు సెకన్ల ముక్క తీసుకుని, పాడి, వాయించి, ఫోన్‌లో రికార్డు చేసి పోల్చుకోండి.

"నెల తిరిగేసరికి పాటలు"

నెలకు సరళీ వరసలు కొన్ని రెండు కాలాల్లో తప్పు లేకుండా వస్తే అది మంచి నడక. తరవాతి పాఠాలైన జంట వరసలు, అలంకారాలు దాటి తొలి చిన్న రచన అయిన గీతం దగ్గరికి రావడానికి నెలలు పడుతుంది. సినిమా పాట పల్లవి ఈలోగా చెవితో పట్టుకుంటే పట్టుకోండి, అభ్యంతరం లేదు. ఆ పావుగంటలు అయ్యాక మాత్రమే.