మెడ చిన్నది, ముచ్చట పెద్దది

మగపిల్లల స్వెట్టర్‌కు మెడ అక్కరలేదని మన అల్లిక లోకం ఎప్పుడో ఏకగ్రీవంగా తీర్మానించుకున్నట్టుంది. మిగతావన్నీ ఉంటాయి. చేతులుంటాయి, కాకపోతే ఒకటి మణికట్టుకు పైనే ఆగిపోతుంది, రెండోది వేళ్ళను దాటి ఇంకా కిందికి దిగజారుతూ ఉంటుంది. ఛాతీ మీద ధ్రువపు ఎలుగుబంటి ఉంటుంది, మంచులో పుట్టి మంచులో పెరిగిన ఆ జంతువుకు చలి వేస్తుందేమోనని ఎర్ర మఫ్లరుంటుంది, మఫ్లరుకు కుచ్చులుంటాయి. వీపు మీద ముత్యాల్లాంటి గుండీలు, ఏ ఆరేళ్ళ పిల్లవాడి చెయ్యీ అక్కడిదాకా వెళ్ళదన్న పూర్తి భరోసాతో, వరసగా కుట్టి ఉంటాయి. వాటికి కాజాలుండవు కాబట్టి అవి విప్పడానికి కావనీ, వెనక నడిచేవాళ్ళు చూసి ఆనందించడానికేననీ మనం గ్రహించాలి. ఇన్ని అమర్చిపెట్టాక తల దూరడానికి దారి కూడా కావాలనడం పిల్లవాడి అత్యాశే తప్ప మరొకటి కాదు.

ఈ శాస్త్రానికి తాజా ఉదాహరణ మా పై అంతస్తులో ఉంది. అల్లినావిడ సామాన్యురాలు కాదు. భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగంలో ఢిల్లీలో ఉన్న రోజుల్లో, చలికాలపు మధ్యాహ్నాలు ఎండలో మంచాలు వాల్చుకుని కూర్చునే పంజాబీ ఆడవాళ్ళ పక్కన చేరి నేర్చుకున్న విద్య ఆవిడది. మనలో చాలామందికి కుట్లు అల్లికలంటే బడిలో క్రాఫ్టు టీచరు చెప్పిన చేతిరుమాలు అంచు దగ్గరే చదువు ఆగిపోగా, ఈవిడ సీరియల్ చూస్తూ, సూదుల వంక చూడకుండా, కోడలితో మాటకు మాట అందిస్తూ, వరసలో ఒక్క కుట్టు జారకుండా అల్లగలదు. అటువంటి చేతులు దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా శ్రమపడి అల్లిన స్వెట్టర్ మనవడి కనుబొమల దగ్గర ఆగిపోయిందంటే, లోపం చేతుల్లో లేదు, ఉద్దేశంలో ఉంది.

దాన్ని మొదటిసారి తొడిగిన ఉదయం ఆ ఇంట్లో జరిగిన కార్యక్రమానికి నేను ప్రత్యక్ష సాక్షిని. స్కూలు బస్సు వచ్చే వేళయింది. “చేతులెత్తు నాన్నా” అన్నాడు తండ్రి. పిల్లవాడు చేతులెత్తాడు. స్వెట్టర్ దిగింది, దిగి నుదుటి మీద ఆగింది. “కొంచెం గట్టిగా లాగరా, ఏం కాదు” అంది నానమ్మ. తండ్రి గట్టిగా లాగాడు. స్వెట్టర్ ముక్కు దాకా వచ్చి, చెవులను కిందికి మడిచి పట్టుకుని, అక్కడ స్థిరపడింది. “నానమ్మా, చెవి! చెవి!” అని లోపలినుంచి ఎలుగుబంటి గొంతు వినపడింది. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న తాతగారు కళ్ళజోడు సవరించుకుని, ముందు తల దూర్చి తరవాత చేతులు దూర్చడమే సరైన పద్ధతనీ, వీళ్ళు చేతులు ముందు దూర్చి వరసక్రమాన్ని భంగపరిచారనీ తీర్పు చెప్పారు. తీర్పు అమలుచేయడానికి స్వెట్టర్‌ను మళ్ళీ పైకి లాగవలసి వచ్చింది. పైకీ రాలేదు.

ఈ దశలో లంచ్ బాక్సు మూత బిగిస్తూ వంటింట్లోంచి వచ్చిన కోడలు, “అత్తయ్యా, మెడ కొంచెం బిగుతేమో” అంది. ఆ ఉదయం ఆ ఇంట్లో ఎవరైనా పలికిన నిజం అదొక్కటే. దానికి దక్కవలసిన గౌరవమే దక్కింది. “బిగుతేం కాదమ్మా, ఊలు సాగుతుంది. వీడిదే తల పెద్దది. వాళ్ళ తాత పోలిక” అన్నారు పెద్దావిడ. తాతగారు అప్రయత్నంగా తల తడుముకున్నారు. ఎదురు ఫ్లాటు ఆవిడ గుమ్మంలో నిలబడి కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చింది. స్వెట్టర్‌కా, తలకా అన్న ధర్మసందేహం తేలకముందే కింద బస్సు హారన్ మోగింది. ఆ కంగారులో నలుగురూ నాలుగు వైపుల నుంచి లాగేసరికి, జుట్టు నిక్కబొడుచుకుని, చెవులు ఎర్రగా కంది, కళ్ళలో నీళ్ళతో పిల్లవాడు ఈ లోకంలోకి రెండోసారి వచ్చాడు. అయినా బస్సు రెండు నిమిషాలు ఆగవలసి వచ్చింది. ఎందుకంటే ఫొటో తీయాలి. “ఒక్కసారి నవ్వు బంగారం!” పిల్లవాడు లిఫ్టు దాకా నడిచేలోపే డాలస్‌లో ఉన్న బాబాయి, ఎలుగుబంటి ఎంత ముద్దుగా ఉందో అని ఫ్యామిలీ గ్రూపులో రాసేశాడు. పిల్లవాడు ఎలా ఉన్నాడో ఎవరూ రాయలేదు.

ఇందులో దేవరహస్యమేమీ లేదు. ఆరేళ్ళ పిల్లవాడి తల చుట్టుకొలత 51, 52 సెంటీమీటర్లుంటుంది. వాడి నాన్నకు 57 ఉంటే అదే ఎక్కువ. అంటే తల దాదాపు పెద్దవాళ్ళంత అయ్యాక కూడా మెడ మాత్రం ఇంకా పసివాడిదే. మనవాళ్ళు టేపు పెట్టి మెడ కొలిచి అల్లుతారు. స్వెట్టర్ కాపురం ఉండేది మెడ దగ్గరే కావచ్చు గానీ, అది తల మీదుగా ప్రయాణం చేసి అక్కడికి చేరాలన్న సంగతి కొలతల్లోకి రాదు. దానికి తోడు మెడ బార్డరును సన్నటి పన్నెండో నంబరు సూదితో అల్లి, చివరి కుట్లను కూడా అదే సూదితో, పారిపోతాయేమో అన్నంత గట్టిగా బిగించి ముగిస్తారు. ఆ ఒక్క వరసను ఎనిమిదో నంబరు లావు సూదితో వదులుగా ముగిస్తే చాలు. అదీ కాదంటే ఒక భుజం కలిపి కుట్టకుండా వదిలి రెండు గుండీలు, ఈసారి కాజాలతో సహా, పెడితే చాలు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని తెలిసిన ప్రతివారికీ ఇది తెలుసు. తెలిసీ చేయకపోవడానికి కారణం, భుజం మీద గుండీలు పెడితే ఎలుగుబంటి అందం చెడుతుంది.

ఇంగ్లండు, స్కాట్లండు తీరాల్లో జాలర్ల కోసం అల్లే గాన్సీ అనే స్వెట్టర్ ఒకటుంది. దానికి ముందూ వెనకా ఒకేలా ఉంటాయి. ఒకవైపు అరిగితే రెండోవైపు తిప్పి తొడుక్కోవచ్చు. వల లాగేవాడు చెయ్యి ఎత్తగలగాలి కాబట్టి చంక దగ్గర ఒక అదనపు ముక్క కలిపి అల్లుతారు. చేతులను భుజం నుంచి కిందికి అల్లుకుంటూ వస్తారు. మణికట్టు దగ్గర చిరిగితే ఆ కాస్త విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. ఏడాదికి అంగుళాల చొప్పున పెరుగుతూ, మోకాళ్ళ మీదా మోచేతుల మీదా బతికే మగపిల్లవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? కానీ మన స్వెట్టర్ చేతులు కింది నుంచి పైకి వెళ్ళి భుజం దగ్గర ముగుస్తాయి. పొడవు పెంచాలంటే స్వెట్టర్ మొత్తం విప్పుకోవాలి, లేదా పిల్లవాడి ఎదుగుదల ఆపాలి. చంకల సంగతి చెప్పనే అక్కరలేదు. సంక్రాంతికి చంకలెత్తలేనంత చలి అన్నారు పెద్దలు. ఈ స్వెట్టర్ తొడిగితే చంకలెత్తలేకపోవడానికి సంక్రాంతి దాకా ఆగవలసిన పని లేదు.

ఎలుగుబంటిని వెనకవైపు నుంచి చూసినవాళ్ళు తక్కువ. చూసేది పిల్లవాడి బనీను ఒక్కటే. రెండు మూడు రంగుల ఊలుతో బొమ్మ అల్లేటప్పుడు, ఆ క్షణాన వాడని రంగు దారం లోపలివైపు వదులుగా సాగుతూ పోతుంది. అంగుళానికి మించి సాగిన ప్రతి దారమూ ఒక ఉచ్చు. చెయ్యి దూర్చిన ప్రతిసారీ పిల్లవాడి చిటికెనవేలు అందులో చిక్కుతుంది. పైగా మఫ్లరు మెరవాలని కలిపిన తళుకు దారం కొనలు సరిగ్గా గొంతు కింద తేలుతాయి. మెడ చుట్టూ తాడు దూర్చి రెండు చివర్లా బంతుల్లాంటి పాంపాంలు వేలాడదీసే మహా కళాకారులూ ఉన్నారు. అటువంటి తాళ్ళు జారుడుబల్లల సందుల్లో, బస్సు తలుపుల్లో ఇరుక్కుని పిల్లలు చనిపోతుంటే, పిల్లల పైదుస్తులకు మెడ దగ్గర తాళ్ళు వద్దని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డాలస్ బాబాయి ఈ సంగతి కూడా గ్రూపులో రాసి ఉంటే బాగుండేది.

ఊలు అంటున్నాను గానీ అది ఊలు కాదు. ఉండ మీద బేబీ వూల్ అని రాసి ఉంటుంది. లోపల ఎక్కువగా ఉండేది పెట్రోలియం నుంచి పుట్టిన యాక్రిలిక్. చలికాలం రాగానే మన ఊళ్ళలో రోడ్ల పక్క టిబెటన్లు లూథియానా నుంచి తెచ్చి అమ్మే సరుకులోనూ అధికభాగం అదే. అయితే వాళ్ళు దాన్ని కాశ్మీరు గొర్రె ఇచ్చిన కానుకగా నానమ్మ పేరుతో తొడగమనరు. నిజమైన ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను పీల్చుకోగలదు. యాక్రిలిక్ రెండు శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. హైదరాబాదులో డిసెంబరు ఉదయం 15 డిగ్రీలైతే మధ్యాహ్నం 28 డిగ్రీలు. పొద్దున చెమట పట్టని స్వెట్టర్‌లో మధ్యాహ్నం పిల్లవాడు ఇడ్లీలా ఉడుకుతాడు. తనంతట తాను విప్పుకోలేడు, ఎందుకంటే మెడ. నిజంగా మందపాటి స్వెట్టర్ కావలసిన పిల్లలు ఆదిలాబాదు పల్లెల్లో, లంబసింగి కొండల మీద ఉన్నారు. మనవాళ్ళు అక్కడికి ఎలుగుబంట్లు తొడుక్కుని చలిమంటల దగ్గర సెల్ఫీలు దిగడానికి వెళ్ళొస్తుంటారు.

పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికొచ్చి, “నానమ్మా, గుచ్చుకుంటోంది” అన్నాడు. కొత్తలో అలాగే ఉంటుందన్నారు. మర్నాడూ అన్నాడు. “మగపిల్లాడివి, ఇంతదానికే ఏడుస్తావేంట్రా” అన్నాడు తండ్రి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మగపిల్లాడైతే మెడ మీద చర్మం ఉండదా? పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొన వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది. అది పోగు గుణం, పిల్లవాడి గారాబం కాదు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి మొరటుగా ఉంటుందని గొర్రెలు కాసే కురుమలకు తెలుసు, అందుకే దాన్ని భుజాన వేసుకుంటారు, కింద పరుచుకుంటారు, వానలో కప్పుకుంటారు. పసివాడి గొంతుకు బిగించి నవ్వమనరు. ఆడపిల్ల గుచ్చుకుంటోందంటే లోపల మెత్తటి గుడ్డ వేసి కుడతారు. మగపిల్లవాడికి మాత్రం ఓర్చుకోవడం నేర్పుతారు, ఆ ఓర్పు పాఠం మొదలయ్యేది ఆరో ఏట ఒక దిక్కుమాలిన ఎలుగుబంటితో.

పెద్దావిడ గురించి ఒక మంచి మాట చెప్పాలి. వారం తిరిగేసరికి మనవడి గొంతు చుట్టూ ఎర్రటి దద్దు చూసి, ఎవరూ చెప్పకుండానే, ఎలుగుబంటిని మొత్తం విప్పి పారేశారు. నూలు కలిసిన మెత్తటి దారం తెప్పించి, స్కూలు యూనిఫారానికి సరిపోయే ముదురు నీలం రంగులో, చేతుల్లేని వి-మెడ స్వెట్టర్ అల్లారు. ముందుభాగం మొత్తం తెరుచుకుంటుంది. పెద్ద పెద్ద గుండీలు, ఐదు, అన్నిటికీ కాజాలున్నాయి. బొమ్మ లేదు, కుచ్చు లేదు. పిల్లవాడు దాన్ని తనే తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు, దానితోనే నిద్రపోయాడు. ఫొటో తీయడం ఎవరికీ గుర్తు రాలేదు.

సోమవారం అది ప్లాస్టిక్ కవరులో తిరిగొచ్చింది. డైరీలో, “పాఠశాల చిహ్నం గల స్వెట్టరు మాత్రమే అనుమతించబడును” అని రాసి సంతకం చేశారు. ప్రార్థన వరసలోంచి పిలిచి, అందరి ముందూ విప్పించి, పొగమంచులో పొట్టిచేతుల చొక్కాతో నిలబెట్టారట. సిగ్గు లేదా వీళ్ళకి? రంగు అదే, నీలం అదే, తేడా అల్లా అది ఒక ముసలావిడ చేతులతో తయారైంది, వాళ్ళ కౌంటరులో అమ్ముడుపోలేదు. వాళ్ళు అమ్మేదేమిటో నేను చూశాను: నూరు శాతం యాక్రిలిక్, ఛాతీ మీద ‘జ్ఞానమే వెలుగు’ అని కుట్టిన బిళ్ళ, బిళ్ళ వెనక చర్మాన్ని గీరే అట్టలాంటి గుడ్డ, ఇక మెడ సంగతి, నేను అరచెయ్యి దూర్చి చూశాను, వేళ్ళు విప్పడానికి లేదు. ఆ చిహ్నం లేకపోతే చలి ఆగదని ఏ శాస్త్రం చెప్పిందో యాజమాన్యం వారు చెప్పాలి, చెప్పేటప్పుడు 28వ సైజు స్వెట్టర్‌ను తమ తలకు తొడుక్కుని, పైకీ కిందికీ రాని స్థితిలో నిలబడి చెప్పాలి.

తండ్రి మర్నాడే సెలవు పెట్టి కౌంటరుకు వెళ్ళాడు. 26 ఉంది, 32 ఉంది, 28 స్టాకు లేదు, శివరాత్రి తరవాత రమ్మన్నారు. డబ్బులు ఇప్పుడు కట్టనక్కరలేదట. జూన్‌లోనే ఫీజుతో కలిపి వసూలు చేశారు.