అయిదు గళ్ల విశ్రాంతి

మా ఆఫీసు పెద్దలకు సిబ్బంది మనశ్శాంతి మీద బెంగ పట్టుకుంది. ఆ బెంగలోనే టీ బ్రేకును పదిహేను నిమిషాల నుంచి ఏడుకు దించారు. ఊరికే దించితే జనం నొచ్చుకుంటారని కాఫీ మిషన్ పక్కన ఒక బుల్లి చదరంగం బల్ల వేశారు. ఇటు అయిదు గళ్లు, అటు అయిదు. పైన పోస్టరు: 'ఏడు నిమిషాల్లో మెదడు రీఛార్జ్!'

1969లో గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ప్రతిపాదించిన ఆట ఇది. వెనక వరుసలో ఏనుగు, గుర్రం, ఒంటె, మంత్రి, రాజు తలా ఒకటి, ముందు అయిదు బంట్లు. రెండు సైన్యాల మధ్య ఖాళీ ఒక్క వరుసే. బంటు అడుగు తీసి అడుగేస్తే శత్రువు నోట్లోనే. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే డ్రాయేనని 2013లో లెక్కకట్టి తేల్చేశారు. ఎవరూ గెలవలేని ఆటను ఏరికోరి తెచ్చిన మేనేజ్‌మెంటు ముందుచూపును మెచ్చుకోవాలి.

ఇక ఆడేవాళ్ల వైభోగం చూడాలి. కుడిచేతిలో గుర్రం, ఎడమచేతిలో పేపరు కప్పు, చెవిలో క్లయింటు కాల్. 'యెస్, యెస్' అంటూ ఒకాయన తన మంత్రినే బలిచ్చాడు. ఎదుటాయన రాజును జేబులో వేసుకుని మీటింగుకు పరుగెత్తాడు. రాజు కోసం సాయంత్రం దాకా వెతుకులాట. చివరికి పంచదార డబ్బాలో దొరికిన మూతను రాజుగా నిలబెట్టి, 'ఎంగేజ్‌మెంట్ బాగుంది' అని హెచ్‌ఆర్ మెయిల్.

1956లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మేనియాక్ అనే కంప్యూటర్‌కు చదరంగం నేర్పారు. పాపం దానికి శక్తి చాలక బల్లను ఆరు గళ్లకు కుదించి, ఒంటెలను పూర్తిగా తీసేశారు. అలా కుదించిన ఆటలో, అప్పుడే చదరంగం నేర్చుకున్న ఒకావిడను అది ఓడించింది కూడా. మిషన్ అలిసిపోకూడదని ఆటను కుదించిన పుణ్యాత్ములు వాళ్లు. మరి మనిషి అలిసిపోతే? విశ్రాంతిని కుదిస్తారా?

రోజుకు పది గంటల పనికి తలుపు తెరిచిన తెలంగాణ ప్రభుత్వపు 2025 జూలై జీవో కూడా ఆరు గంటలు దాటి పనిచేస్తే అరగంట విరామం ఇవ్వాలంది. అంత ఉదారమైన జీవోకు ఉన్న ఇంగితం కూడా మీకు లేదా? పొద్దుణ్ణుంచీ స్క్రీన్ చూసి కళ్లు మండుతున్నవాడికి ఇంకో లెక్క ఇచ్చి, దానికి విశ్రాంతని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. ఆ బల్ల మీ క్యాబిన్‌లో వేసుకోండి. మా ఎనిమిది నిమిషాలు మాకు తిరిగిచ్చేయండి. వాటితో ఏం ఆడుకుంటారని మాత్రం అడక్కండి.