నీళ్ళ నెంబరు ఎవరిదమ్మా?

మా కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పీవో, అదే ప్రోగ్రాం ఆఫీసర్ సార్‌కి పోయినేడాది స్పెషల్ క్యాంపులో కొత్తగా ఏదైనా చెయ్యాలనిపించింది. తప్పు లేదు లెండి, ఏడు రోజుల క్యాంపంటే ఎప్పుడూ చీపురు పట్టుకుని ఒక ఫొటో, మొక్క పాతుతూ ఒక ఫొటో, ఆ మొక్క కూడా ముందటేడు బ్యాచ్ తవ్విన గుంటలోనే. అందుకని ఈసారి ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళిపోయారు. 2015 సెప్టెంబరులో 193 దేశాలు కూర్చుని ఒప్పుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఉన్నాయి కదా, పేదరికం పోవాలి, ఆకలి పోవాలి, అందరికీ మంచినీళ్ళు రావాలి, అన్నీ 2030 లోపే, వాటి మీద ఊళ్ళో అవగాహన ర్యాలీ అన్నమాట. 17 లక్ష్యాలకి 17 మంది, ఒక్కొక్కరి మెడలో ఒక్కో రంగు బోర్డు, దాని మీద లావుగా నెంబరు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో లక్ష్యం పేరు.

ఊరు కొల్లేటి పక్కన లంక గ్రామం. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి.

ర్యాలీ బయల్దేరకముందే అపశకునాలు. రెండో నెంబరు, అంటే ఆకలి నిర్మూలన, సెంటర్లో ఇడ్లీ బండి దగ్గర ఆగిపోయాడు, బొంబాయి చట్నీ బాగుందంట. ఐదు లింగ సమానత్వం, ఆ బోర్డు వేసుకోవాల్సిన అమ్మాయిని సారే స్కూల్లో ఉప్మా సంగతి చూడమని పంపించేశారు కాబట్టి అది గెడ్డం ఉన్న మావాడి మెళ్ళో పడింది. పన్నెండు బాధ్యతాయుత వినియోగం, దానికి చుట్టూ థర్మోకోల్ పూలు అంటించారు, 2022 జూలై 1 నుంచి డెకరేషన్ థర్మోకోల్ బ్యాన్ అని వాడికి చెప్తే నా బోర్డే అందంగా ఉందని మీకు కుళ్ళు అన్నాడు. నాది ఎనిమిది. గౌరవప్రదమైన ఉపాధి. ఫైనలియర్, ఒక్క కంపెనీ కూడా పిలవలేదు, సార్ కావాలనే ఇచ్చారో ఏమో దేవుడికే తెలియాలి.

పంచాయతీ ఆఫీసు ముందు వరసగా నిలబడి నినాదాలు మొదలెట్టాం, జనం వచ్చారు, బాగానే వచ్చారు, సార్ మొహం వెలిగిపోయింది. ఈలోపు ఒక మామ్మగారు ఆధార్ కార్డు జిరాక్స్ పట్టుకుని గబగబా వచ్చి పదిహేడో నెంబరు వెనక నిలబడ్డారు. "నాది పద్దెనిమిదా బాబూ?"

అక్కడ మొదలైంది. ఊళ్ళో ఎవరో "కాలేజీ పిల్లలొచ్చి టోకెన్లు ఇస్తన్నారంట" అన్నారు, అంతే, సంచుల్లోంచి పాస్‌బుక్కులు, కరెంటు బిల్లులు బయటికొచ్చేశాయి. ఇది అవగాహన కార్యక్రమం అండీ అని సార్ మైకులో అరుస్తుంటే, "అయ్యా అదే, మా సంగతి కూడా అవగాహన చేసుకోండి" అని ఒకాయన. మన తింగరోళ్ళు ఊరుకోవచ్చు కదా, ఒక్కో నెంబరు దేనికో వివరంగా చెప్పారు. ఇంకేముంది, అప్పటిదాకా ఒక్కటే ఉన్న లైను పదిహేడైంది.

ఆరో నెంబరు పాప పరిస్థితి చూడాలి అసలు. ఆరంటే మంచినీళ్ళు, పారిశుధ్యం. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ పిల్ల చుట్టూనే. జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకి 55 లీటర్లు రావాలని ఆ పిల్లే కదా పొద్దున స్పీచ్ ప్రాక్టీస్ చేసింది, నోరు జారి అదే చెప్పేసింది. "55 లీటర్లా? మా కుళాయిలో బిందె నిండితే పండగమ్మా, మిగతాది ఎవరింటికి పోతంది?" అని ఒకావిడ ఆ పిల్ల చెయ్యి వదలకుండా కుళాయి దాకా లాక్కెళ్ళి తిప్పి చూపించింది, ఉస్సు... అని గాలొచ్చింది. పాప ఏడుపొక్కటే తక్కువ.

పద్నాలుగు నీటిలోని జీవరాశి. వాడిది గుంటూరు, చేపంటే పులుసు తప్ప ఇంకేం తెలీదు. వాణ్ణి పట్టుకుని "ఐదో కాంటూరుని మూడో కాంటూరుకి ఎప్పుడు కుదిస్తారు?" అని అడిగారు. కాంటూరంటే సముద్రమట్టానికి ఇంత ఎత్తని మ్యాపులో గీసే గీత, 1999లో కొల్లేరుని ఐదో కాంటూరు దాకా అభయారణ్యం చేసినప్పట్నుంచీ, మరీ 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశాక, అక్కడ ప్రతి ఎన్నికల్లోనూ తిరిగే ప్రశ్న ఇది. మావాడు కాంటూరంటే జామెట్రీ బాక్సులో వస్తువనుకుని "మా దగ్గర స్టాక్ లేదండి" అన్నాడు. కొట్టలేదు, మంచోళ్ళు.

అన్నిటికన్నా పొడుగు లైను పదహారుది, శాంతి, న్యాయం. భూముల రీసర్వేలో సెంట్లు తగ్గినోళ్ళు, అన్నదమ్ముల గట్టు తగాదాలు, ఇద్దరన్నదమ్ములు అదే లైన్లో ముందూ వెనకా నిలబడి అక్కడ కూడా నువ్వు జరుగంటే నువ్వు జరుగని, శాంతి బోర్డు మధ్యలో నలిగి రెండు ముక్కలైంది. పదకొండో నెంబరు మాత్రం హాయిగా వేరుశెనక్కాయలు తిన్నాడు, సుస్థిర నగరాలు కాబట్టి పల్లెటూళ్ళో వాడితో ఎవరికీ పన్లేదు. పదిహేడు, అంటే భాగస్వామ్యం, ఆ బోర్డు ఎందుకో వాడికే తెలీదు, చేతిరాత బాగుందని అందరి అర్జీలూ వాడే రాశాడు. నా ఉద్దేశంలో ఆ రోజు పనికొచ్చే పని చేసింది వాడొక్కడే.

మధ్యాహ్నానికి సార్ చేతిలో ఇంత మందం అర్జీల కట్ట. పారేస్తే పాపం, ఉంచుకుంటే భయం. ఆఖరికి సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి తీసుకెళ్ళి ఇచ్చారంట, మీరే శాఖ అని అడిగితే ఏం చెప్పాలో తెలీక ఎన్ఎస్ఎస్ నినాదం "నాట్ మీ బట్ యూ" అన్నారని బయట టాక్, నేను నమ్మను. రిపోర్టులో మాత్రం "లక్ష్యాలపై గ్రామస్తుల నుంచి అనూహ్య స్పందన" అని రాశారు, ఫొటోలో క్యూ చూస్తే ఎవరైనా నమ్మాల్సిందే.

ఇక నా లైను సంగతి. నా దగ్గరికి వచ్చింది ఒక్కాయనే, తెల్ల లుంగీ, బుల్లెట్ బండి. బోర్డు చదివి, నన్ను పైనించి కిందకి చూసి, "ఉద్యోగాలు ఇస్తావా, కావాలా?" అన్నాడు. నిజం చెప్పా.

"మా చెరువు మీద గుమాస్తా మానేశాడు. మేత బస్తాల లెక్క రాసుకోవాలి, రాత్రి కాపలా. భోజనం మాదే, ఆదివారం మాత్రం చేప ఉండదు, కోడి."

సార్ చూడకుండా నెంబర్ సేవ్ చేసుకున్నా. వాట్సాప్‌లో హాయ్ పెడితే వెంటనే రిప్లై వచ్చింది, ఏ హెచ్ఆరూ ఇంతవరకు నాకలా రిప్లై ఇవ్వలేదండి బాబూ.