అమ్మతోడు, అది కల్లు కాదు!

కిందటి వేసవిలో ఆఫీసు మిత్రుడొకాయన నా చేతిలో చిన్న సీసా పెట్టి, "పసిపిల్లలా చూసుకోండి" అన్నాడు. లోపల పాలల్లో తేలుతున్నవి చిదిపిన గోబీపువ్వు ముక్కల్లా, తెల్లగా, జిగురుగా ఉన్నాయి. కెఫీర్ గింజలట. గింజలన్నంత మాత్రాన మొలిచేవి కావు. రకరకాల బాక్టీరియా, ఈస్టు కలిసి ఉమ్మడి కాపురం పెట్టిన ముద్దలవి. చెంచాడు గింజల్ని అరలీటరు కాచి చల్లార్చిన పాలల్లో వేసి, ఒక రోజు వదిలేసి, వడకట్టి తాగడమే. ఆ పులిసిన పాలే కెఫీర్. గింజలు మళ్లీ కొత్త పాలల్లోకి వెళతాయి. మూత మాత్రం బిగించకూడదు. ఈ ఆఖరి ముక్క ఇంట్లో అందరికీ చెప్పాను, మా అమ్మకు తప్ప.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో పెరుగు శాఖ పూర్తిగా ఆమెది. ఇప్పుడు వాడుతున్న తోడు మా నాయనమ్మ కాలం నుంచి తెగకుండా వస్తోందని ఆమె నమ్మకం. తణుకు కాపురం మారినప్పుడు సామానంతా లారీలో వెనక పడేసి, తోడు గిన్నెను మాత్రం ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. అలాంటి మనిషి నా సీసాను ఎండకు పట్టి చూసి, "పాలు విరిగితే పారబోస్తారు గాని, వడకట్టి దాచుకుంటారురా?" అంది.

నేను వాదనలో కెఫీర్ పుట్టిల్లయిన కాకసస్ కొండల దాకా వెళ్లాను. పూర్వం అక్కడివాళ్లు దీన్ని తోలుసంచిలో పోసి గుమ్మం దగ్గర వేలాడదీసేవారట, వచ్చేపోయేవాళ్లు తలా ఒక తట్టు తట్టి కలిపేవారట అని చెప్పాను.

"మన గుమ్మానికి మామిడాకులు కడతారు. తోలు కట్టరు" అంది అమ్మ. చర్చ ముగిసింది.

ఆ 'ఒక రోజు' లెక్క ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలుండే ఇళ్లకని నాకు తరవాత తెలిసింది. మే నెలలో మా వంటింట్లో పొయ్యి వెలిగించకపోయినా వెలిగించినట్లే ఉంటుంది. పాలు పోసిన పది గంటల్లోనే పైన గడ్డ, కింద పచ్చటి నీరు. మూత తీస్తే బుసబుసమని నురగ, పులిసిన వాసన. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీ నాన్న ఏనాడూ ఇంట్లోకి కల్లు తేలేదురా" అంది.

"అమ్మతోడు, అది కల్లు కాదమ్మా!"

ఈస్టు పుణ్యమా అని ఇందులో ఆల్కహాలు పిసరంత ఉంటుంది, మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. ఆ వివరం అప్పుడు చెప్పడం భావ్యం కాదనిపించింది.

మా ఆవిడ ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి మజ్జిగలా చేస్తే రెండు గ్లాసులు లాగించాను. బాగానే ఉంది. చిక్కల్లా గింజలతోనే. మూడు వారాల్లో చెంచాడు కాస్తా గిన్నెడయ్యాయి. గింజలు పెరిగితే పాలు పెరగాలి, పాలు పెరిగితే తాగేవాళ్లు పెరగాలి. పాలబ్బాయి "ఇంట్లో ఏమైనా శుభకార్యమా అండీ?" అని అడిగాడు. బంధువులకు పంచుదామంటే, నా చేతిలో సీసా కనిపించగానే వాళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

అప్పుడు పెరట్లోని కోళ్లు గుర్తొచ్చాయి. నాలుగు పెట్టలు, ఒక డేగ పుంజు. కోళ్లకు పాలు సరిపడవు, వాటిలోని చక్కెర అరగక పారుకుంటాయి. కెఫీర్‌లో ఆ చక్కెరను సూక్ష్మజీవులు ముందే కొంత తినేస్తాయి కాబట్టి, కొద్దికొద్దిగా పెడితే ఫరవాలేదు. తవుడు, నూకలు కలిపి, కోడికి చెంచాడు చొప్పున కెఫీర్ పోసి, ముద్దగా చేసి పెట్టాను.

పుంజు ముందుకొచ్చి ముక్కు ముంచింది. వెంటనే తల విదిలించింది. నా కళ్లజోడు మీద మూడు చుక్కలు పడ్డాయి. రెండడుగులు వెనక్కి వేసి, మెడ వాల్చి ఒంటికంటితో నన్ను చూసింది. మళ్లీ వచ్చి ఇంకో ముక్కు తీసుకుంది. ఆ తరవాత కొక్కొక్కొక్కమని పెట్టల్ని పిలిచింది. మా ఇంట్లో నా కెఫీర్‌కు దక్కిన మొదటి సిఫారసు అది. మరునాటి నుంచి అయిదూ వంటింటి మెట్ల దగ్గర వరసకట్టేవి. సంక్రాంతి బరికోసం పుంజులకు బాదం పప్పు మేపే పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "ఏం మందు పెడుతున్నారండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

అంతా సవ్యంగా ఉండగా సీసాకు చీమలు పట్టాయి. చీమలంటే అమ్మకు సహించదు. ఆ రాత్రి, పాత ఆవకాయ సీసాలో నిండా ఉన్న కెఫీర్‌కు ఆమె మూత బిగించింది. ఆవకాయకు బిగించినట్లే, రెండు చేతులతో.

రాత్రి రెండింటికి ఢామ్మని చప్పుడు. మా ఆవిడ "గ్యాసు!" అని అరిచింది. నేను వీధిలోకి పరుగెత్తాను, ఒంటరిగా. ఆ విషయం ఇప్పటికీ నెలకోసారి ప్రస్తావనకు వస్తుంది. తీరా చూస్తే మూత అటక మీద ఉంది. సీసా ప్లాస్టిక్‌ది కావడం మా అదృష్టం. కప్పు నుంచి చుక్కలు చుక్కలుగా కెఫీర్ కారుతోంది. క్యాలెండరులో వెంకటేశ్వరస్వామికి నామాలు రెట్టింపయ్యాయి. నేలంతా గింజలు. అమ్మ మారుమాట లేకుండా అన్నీ ఊడ్చి, చేటతో పెరట్లో పోసింది. తెల్లారేసరికి కోళ్లు ఒక్క గింజ మిగల్చలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు బరువు దిగినట్లయింది.

సాయంత్రం అయిదూ యథాప్రకారం మెట్ల దగ్గర నిలబడ్డాయి. అమ్మ మనసు కరిగింది. తవుడులో తన గడ్డపెరుగు, నాయనమ్మ నాటి తోడుతో తోడుకున్న పెరుగు, స్వయంగా కలిపి పెట్టింది. పుంజు ముక్కు ముంచింది. ఆగింది. ముక్కును నేలకేసి అటూ ఇటూ తుడుచుకుని వెళ్లిపోయింది. పెట్టలూ దాని వెనకే నడిచాయి.

అమ్మ చాలాసేపు ఆ పళ్లెం వంకే చూసింది. చివరికి నావైపు తిరక్కుండానే, "ఆ కల్లు గింజలు మీ స్నేహితుడి దగ్గర ఇంకాస్త ఉంటాయేమో కనుక్కోరా" అంది.

ఎండకు తనవి పాడైపోయాయని, చెంచాడు వెనక్కి ఇమ్మని ఆయన పొద్దున్నే ఫోను చేశాడు. ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.